ఊరి పేరు రాయొద్దు

పుంగనూరు,
2 జూన్ 2025

శ్రుతీ,

నువ్వు బాగున్నావనే అనుకుంటాను. నేను బాగాలేను, ఆ ముక్కతోనే మొదలుపెడుతున్నాను. ఇన్‌లాండ్ లెటర్ కావాలంటే పోస్టాఫీసులో అమ్మాయి నన్ను పైనుంచి కిందికి చూసి, ఫోన్ లేదా అవ్వా అని అడిగింది. ఉంది, కానీ దాన్ని నాకంటే ఎక్కువ నా కొడుకే చూస్తాడని ఆ పిల్లకు ఏం చెప్పను.

కోడలు లత పాపను తీసుకుని ఇల్లు వదిలి నేటికి నలభై రెండు రోజులు. అప్పటి నుంచి లోకనాథ్ రోజూ సాయంత్రం ఎరువుల అంగడి మూసి రాగానే నా ఫోన్ తీసి, ఎవరు చేశారు, నేను ఎవరికి చేశాను అని చూస్తాడు. కోడలు నాతో మాట్లాడుతోందని వాడి అనుమానం. మాట్లాడితే ఎంత బాగుండు. నీ గురించీ ఒక మాట అన్నాడు. "ఆ మదనపల్లె దానికి అంతా తెలుసు, దాన్ని మన గడప తొక్కనీయొద్దు" అని. అందుకే ఈ ఉత్తరం. జవాబు మా ఇంటికి రాయొద్దు. మా వీధి చివర జాకెట్లు కుట్టే తులసమ్మ అంగడి చిరునామా కింద ఇచ్చాను, ఆమె నా చేతికి ఇస్తుంది.

ఇక అసలు సంగతి. లత నీకు ఏదో యాప్‌లో మాటలు పంపుతోందని నాకు తెలుసు. మా తమ్ముడు, అదే మీ నాయన, తంబళ్లపల్లె నుంచి వచ్చినప్పుడు నోరు జారాడు. ఎవరు ఎక్కడి నుంచి మాట పంపినా కంప్యూటర్ ఉద్యోగం చేసేవాళ్లు ఊరి పేరు చెప్పేస్తారంట కదా. ఆ ఊరి పేరు ఒక్కటి నాకు చెప్పు. లోకనాథ్‌కు చెప్పను, ఒట్టు. నా మనవరాలు రమ్యశ్రీకి వచ్చే నెల అయిదు నిండుతాయి. అది ఎక్కడ పడుకుంటోందో, ఏం తింటోందో తెలియకుండా నాకు ముద్ద దిగటం లేదు.

మోకాళ్లు సరిగా ఉంటే బస్సెక్కి వచ్చి నీ జుట్టు పట్టుకుని అడిగేదాన్ని.

నీ మేనత్త,
అమరావతి


మదనపల్లె,
6 జూన్ 2025

అత్తా,

నీ చేతిరాత చూడగానే గుర్తుపట్టాను. చిన్నప్పుడు నా పలక మీద నువ్వు దిద్దించిన 'శ్ర' ఇప్పటికీ అలాగే ఉంది.

నువ్వు నమ్మకపోయినా సరే, నిజం రాస్తున్నాను. లతక్క ఎక్కడుందో నాకు తెలియదు. దాచటం కాదు, నిజంగానే తెలియదు. నాతో కలిసి సాఫ్ట్‌వేర్ రాసే మా గుంపు చేసే పనే అది. మామూలు ఫోన్‌లో మాట పంపితే ఎవరు ఎవరికి, ఎక్కడి నుంచి పంపారన్నది దారిలో ఉన్న వాళ్లకు తెలుస్తుంది. మా నెట్‌వర్క్‌లో ఆ మాట మూడు కంప్యూటర్ల మీదుగా పోతుంది. మొదటిదానికి మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు, ఎక్కడికి పోతుందో తెలియదు. చివరిదానికి ఎక్కడికి పోవాలో తెలుసు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. మధ్యలో ఉన్నదానికి రెండూ తెలియవు. అలా వచ్చిన మాటను పట్టుకుని ఊరు చెప్పమంటే, దాన్ని తయారుచేస్తున్న నేను కూడా చెప్పలేను.

అక్క ముందు మామూలు మెసేజ్‌లే పంపేది. బావ ఆమె ఫోన్‌లో ఏదో పెట్టి ఆమె ఎక్కడికి పోయినా చూసేవాడని తరువాత తెలిసింది. అందుకే వేరే ఫోన్‌లో మా యాప్ వేసిచ్చాను. ఇందులో ఒక కష్టం ఉంది. చాలా నిదానం. ఆమెది పాత ఫోన్, అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం. ఒక్క మాట పోవటానికి అరగంట చూసి, విసిగిపోయి మామూలు యాప్ తెరవబోయానని మొన్న రాసింది. అది తెరవొద్దని వెంటనే రాశాను. మా గుంపులో కొందరు ముందు రహస్యం కాచే తాళం గట్టిపడాలి, వేగం తరువాత చూద్దాం అంటారు. నిదానంగా ఉంటే జనం తాళమే వెయ్యరని నేను అంటాను. ఈ రెండు నెలలుగా నా పనంతా అదే.

ఇంకొక మాట. అక్క మణికట్టు బాత్‌రూంలో జారిపడి విరిగిందని నువ్వు మా నాన్నతో చెప్పావంట. అలా కాదత్తా.

శ్రుతి


పుంగనూరు,
11 జూన్ 2025

మొండి కోడలికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడు కంప్యూటర్ల కథ బాగుంది. కథే. తయారుచేసినవాళ్లకు కూడా తెలియకుండా ఏదైనా తయారవుతుందా. వంట చేసిన దానికి ఉప్పు ఎంత వేసిందో తెలియదా.

నాకు ఒక్కటే అనిపిస్తోంది. నిన్ను లోకనాథ్‌కు చేసుకుంటానని నీ పదో ఏటి నుంచి అన్నదాన్ని, చివరికి లతను తెచ్చుకున్నాను. ఆ కోపం నీకు ఇంకా ఉంది. ఉంటే తిట్టు, పడతాను. కానీ అది పాప మీద చూపించొద్దు.

మణికట్టు సంగతి నాకు చెప్పింది చెప్పినట్టు మీ నాయనకు చెప్పాను. లోకనాథ్ కోపిష్టి, కాదనను. వాళ్ల నాయనా అంతే. కానీ వాడు రోజూ పొద్దున నా బీపీ మాత్రలు తనే తీసి, నీళ్లతో సహా చేతికిస్తాడు. అలాంటివాడు చెడ్డవాడు ఎలా అవుతాడు.

నువ్వు పుట్టకముందు నేను మదనపల్లె టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ట్రంకు కాల్స్ కలిపేదాన్ని. వినకూడదని రూలు. వినేవాళ్లం. కానీ వినకపోయినా ఫరవాలేదు. ఎవరు ఎవరికి, ఏ వేళకు, ఎన్నిసార్లు చేశారో చూస్తే చాలు, ఆ ఇంట్లో పెళ్లా, చావా, గొడవా అని చెప్పేదాన్ని. ఒకసారి అలా తెలిసిన సంగతి ఒక పిల్ల అన్నకు చెప్పాను, మంచికే అనుకుని. ఆ పిల్లను కాలేజీ మాన్పించారు. దాని పేరు ఇప్పుడెందుకులే. నీ నెట్‌వర్క్ మా రోజుల్లో ఉంటే ఆ పిల్ల చదువు ఆగేది కాదేమో. ఇది నువ్వు గెలిచినట్టు కాదు, ఊరికే రాస్తున్నాను.

ఊరు చెప్పకపోతే పోనీ. పాపకు నిప్పట్లు పంపే దారైనా చెప్పు. బియ్యప్పిండి ఆడించి పెట్టాను. వేరుశనగపప్పు ఎక్కువ వేసినవే అది తింటుంది.

అత్త


మదనపల్లె,
16 జూన్ 2025

అత్తా,

బావను చేసుకోవాలన్న ఆశ నాకు ఏనాడూ లేదు. నిప్పట్ల కోసం మాత్రం ఒకటి రెండు సార్లు ఆలోచించాను. కాబట్టి ఆ కోపం నా లెక్కలో వెయ్యొద్దు.

ట్రంకు కాల్స్ ముక్క మా గుంపులో వాళ్లకు ఇంగ్లీషులో చెప్పాను. మాటలకు తాళం వేసినా, ఎవరు ఎవరికి ఏ వేళకు పంపారన్నది బయటపడితే చాలు, కొంప మునుగుతుంది. ఇప్పుడు మా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపం అదే. ఇటు పంపినవాళ్లనూ అటు అందుకున్నవాళ్లనూ ఒకేసారి గమనించేవాడు ఉంటే, వేళలు కలిపి చూసి పట్టేయగలడు. దానికి మందుగా అసలు మాటల మధ్య ఉత్తుత్తి మాటలు కలిపి పంపుతాం, ఏది నిజమో తెలియకుండా. కానీ ఉత్తుత్తివి ఎక్కువైతే మళ్లీ నిదానం. అందుకని ఒకే దారి పట్టుకోకుండా ఒకేసారి రెండు దారుల్లో పంపి, రద్దీ లేని వైపుకు మళ్లించే పద్ధతి రాస్తున్నాను. పరీక్ష కోసం తయారైనది లతక్క ఫోన్‌కు ఈ వారమే పంపుతాను.

నిప్పట్లకు దారి. నువ్వు డబ్బా తులసమ్మకు ఇవ్వు. మదనపల్లె నుంచి జాకెట్ గుడ్డల కోసం శుక్రవారం శుక్రవారం ఆమె దగ్గరికి అంబిక అనే ఆమె వస్తుంది. డబ్బా ఎవరిదో అంబికకు చెప్పొద్దు. అంబిక దగ్గర ఒకరు తీసుకుంటారు. ఆ మనిషిని లతక్కే ఎంచుకుంది. ఎవరని నేను అడగలేదు, నువ్వూ అడగొద్దు. ఏ ఒక్కరికీ దారంతా తెలియదు. చూడు, కంప్యూటర్లు చేసేదీ ఇదే.

డబ్బా మీద నీ పేరు చెక్కించి ఉంటే వేరే డబ్బా వాడు.

నీ కోడలు కాని కోడలు,
శ్రుతి


పుంగనూరు,
1 జూలై 2025

శ్రుతమ్మా,

ఈ రోజు నా మోకాళ్లకు కూడా నొప్పి లేదు. డబ్బా తిరిగి వచ్చింది.

పేరు లేని స్టీలు డబ్బా మా ఇంట్లో దొరకదు, నీకు తెలుసు కదా. తులసమ్మ దగ్గరే ఒకటి అడిగి తీసుకున్నాను. శుక్రవారం పోయింది. పదకొండు రోజులకు వచ్చింది, తేలిగ్గా కాదు, బరువుగా. లత పెద్దింటి పిల్ల, ఎంత కష్టంలో ఉన్నా పద్ధతి మరవలేదు. డబ్బా ఖాళీగా పంపకూడదని పాలకోవా పెట్టి పంపింది. పైన పాప గీసిన బొమ్మ ఒకటి, నేనంట. మూడు కాళ్లున్నాయి, ఒకటి చేతికర్ర అయి ఉంటుంది. బొమ్మను తులసమ్మ దగ్గరే దాచాను.

కోవా కింద అంగడి కాగితం ఉంది. అంగడి పేరూ, ఊరి పేరూ రెండూ అచ్చేసి ఉన్నాయి. నువ్వూ నీ మూడు కంప్యూటర్లూ చెప్పనిది ఒక కోవా పొట్లం చెప్పింది చూశావా. ఆ ఊరి పేరు ఈ ఉత్తరంలో రాయటం లేదు, ఆ మాత్రం తెలివి నాకుంది. కుప్పం వైపు ఒకసారి పెళ్లికి పోయినప్పుడు ఆ ఊరి మీదుగానే పోయాం. అక్కడ రాగి చేలు బాగుంటాయి. ఇప్పుడు కళ్లు మూసుకుంటే పాప ఎక్కడ ఉందో కనిపిస్తోంది. ఆ కాగితం నూనె తుడిచి, మడతపెట్టి, భద్రంగా ఉంచుకున్నాను.

నిన్ను మొండిదానివి అన్నందుకు ఏమీ అనుకోకు. మళ్లీ అంటాను కాబట్టి.

నీ అత్త అమరావతి


మదనపల్లె,
4 జూలై 2025

అత్తా,

తులసమ్మకు ఫోన్ చేసి 'కాగితం కాల్చెయ్యమను' అని ఒక్క ముక్క చెప్పాను. ఈపాటికి ఆమె వచ్చి చెప్పే ఉంటుంది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నిన్ను తిట్టటానికి కాదు. తప్పు నాది. డబ్బా పోవటానికి మూడు చేతుల దారి వేశాను. డబ్బా తిరిగి వస్తుందనీ, మన ఇళ్లలో అది ఖాళీగా రాదనీ నాకు తట్టనే లేదు. పదిహేనేళ్లు నీ వంటింట్లో తిని పెరిగిన దానికి తట్టలేదు. ఎన్ని తాళాలు వేసినా మనుషుల అలవాటు లెక్కలోకి తీసుకోకపోతే ఆ పని చేసినట్టే కాదని మా గుంపులో అందరికీ పాఠాలు చెప్పేదాన్ని నేనే.

లతక్కకు ఇప్పుడే రాశాను. కొత్త సాఫ్ట్‌వేర్ ఆమె ఫోన్‌లో ఎక్కిందో లేదో తెలియదు. పాతదే ఉంటే ఎప్పుడు అందుతుందో చెప్పలేను. నిదానమని ఆమె రెండు రోజులకు ఒకసారే తెరుస్తోంది.

దయచేసి కాల్చెయ్ అత్తా.

శ్రుతి


పుంగనూరు,
9 జూలై 2025

శ్రుతీ,

కాల్చలేదు.

తులసమ్మ వచ్చి చెప్పింది. పొయ్యి వెలిగించి కాగితం పట్టుకుని నిలబడ్డాను కూడా. పాప ఉన్న ఊరి పేరు నా చేత్తో నేనే కాల్చాలంటే చెయ్యి రాలేదు. మాత్రల పెట్టెలో అడుగున పెట్టాను. నా మాత్రలు రోజూ వాడే తీసి ఇస్తాడన్నది నాకు ఆ క్షణం గుర్తే లేదు. నీకు గొప్పగా రాసినదాన్ని నేనే.

శనివారం పొద్దున మాత్ర తీయబోయి వాడు కాగితం పట్టుకుని వచ్చాడు.

"అమ్మా, రామకుప్పం కోవా మనింటికి యాడ నుంచి వచ్చింది?"

నేను కాగితం లాక్కోబోయాను. దాంతోనే వాడికి తెలిసిపోయింది. కన్నీళ్లు పెట్టుకున్నాడు శ్రుతీ. "నేనేమన్నా పులినా మా? ఒక్కసారి బిడ్డను సూసి వస్తా, అంతే" అన్నాడు. ఆ నిమిషం నేను పోనీలే అనుకున్నాను. నీకు అబద్ధం రాయను. తల్లిని. పోయి కాళ్లావేళ్లా పడి తెచ్చుకుంటాడేమో అనుకున్నాను. చెప్పులేసుకుని బండి తాళాలు తీశాడు. అప్పుడు వాడి ముఖం చూశాను. మార్చి నెలలో ఆ రోజు ఉన్న ముఖమే.

లత బాత్‌రూంలో జారిపడలేదు. నేను పక్క గదిలో ఉన్నాను. తలుపు తీసే ఉంది. ఈ ముక్క నీకు కాదు, నాకే నేను ఇంతవరకు చెప్పుకోలేదు.

గేటు దగ్గర అడ్డం నిలబడ్డాను. "ఆ పిల్ల చెయ్యి యాల ఇరగ్గొడితివి, ముందు అది చెప్పి పో" అన్నాను. వాడు నన్ను పక్కకు తోయలేదు, నా చుట్టూ తిరిగి పోయాడు. సాయంత్రం దాకా నేను ఏం చేశానో నాకే గుర్తులేదు. తులసమ్మ వచ్చి కూర్చుంది. వాడు చీకటి పడకముందే వచ్చాడు, ఒక్కడే. ఆ కోవా అంగడి వెనక సందులోనే లతా పాపా ఉండేవాళ్లంట. ఇల్లు దొరికిందంట, తాళం వేసి ఉందంట. ముందు రోజు సాయంత్రమే ఖాళీ చేసి వెళ్లిపోయారని పక్కింటివాళ్లు చెప్పారంట. అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. అన్నం పెట్టాను. ఊరుకోబెట్టలేదు.

తరువాత అడిగాడు, ఈసారి యాడికి పోయిందో నీకు తెలుసా అని. తెలియదన్నాను. అది నిజం కావటం వల్లే చెప్పగలిగాను. అందుకే నీకు ఇది రాస్తున్నాను. ఇకమీదట నాకు ఏ ఊరి పేరూ చెప్పొద్దు. నేను బతిమాలినా, ఏడ్చినా, తిట్టి రాసినా చెప్పొద్దు. నాకు తెలిస్తే వాడు రెండు పూటలు అన్నం మానేస్తే చాలు, చెప్పేస్తాను. నన్ను నేను ఎరుగుదును.

వాళ్లకు నీ మాట వేళకు ఎలా అందింది? అది మాత్రం రాయి.

అమరావతి


మదనపల్లె,
11 ఆగస్టు 2025

అత్తా,

నీ ఉత్తరానికి జవాబు రాయటానికి నెల పట్టింది. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నువ్వు రాసిన ఆ తలుపు ముక్క దగ్గర ఆగిపోయేదాన్ని. నువ్వు గేటు దగ్గర నిలబడ్డావని లతక్కకు చెప్పాను. 'అత్తమ్మ మోకాళ్లు ఎట్లుండాయి' అని అడిగింది.

మాట ఎలా అందిందని అడిగావు. పరీక్ష కోసం పంపిన కొత్తది అంతకు రెండు రోజుల ముందే ఆమె ఫోన్‌లో ఎక్కింది. తెరవటానికి పాతదానిలా అరగంట పట్టకపోవటంతో పాపకు అన్నం తినిపిస్తూ తిరిగి తిరిగి చూసుకుంటోందంట. నేను పంపిన ఆరు సెకన్లకు చదివింది. గంటలో బట్టలు సర్దుకుంది. మేము నెలల తరబడి సెకన్లు తగ్గించటానికి కొట్టుకున్నది ఎందుకని ఇక నన్ను ఎవరూ అడగక్కర్లేదు. ఆడవాళ్లకు సాయం చేసే ఒక లాయరమ్మతో కూడా అక్క ఇప్పుడు మాట్లాడుతోంది. తొందరపడి ఇంటికి రాదు, నువ్వు ఆశ పెట్టుకోవద్దు.

పోయిన వారం ఆ కొత్త సాఫ్ట్‌వేర్ అందరికీ విడుదల చేశాం. తాళం గట్టిపడింది, వేగమూ పెరిగింది. రెండూ కలిసి రావని వాదించిన మా గుంపు పెద్దాయన నాకు చిన్న మెసేజ్ పెట్టాడు, బాగుందని. ఇప్పుడు ఇందులో మనిషి ముఖం కూడా కదులుతూ వస్తుంది, అక్కడక్కడా ఆగి ఆగి. గురువారం పదకొండు గంటలకు, బావ అంగడిలో ఉండే వేళ, తులసమ్మ అంగడికి వెళ్లు. ఆమె ఫోన్‌లో అన్నీ పెట్టాను.

పాప కూర్చునే చోట వెనక దుప్పటి కడతారు. ఏమీ అనుకోకు.

శ్రుతి


పుంగనూరు,
15 ఆగస్టు 2025

శ్రుతీ,

చూశాను. తులసమ్మ మిషన్ ఆపి, తలుపు దగ్గరగా వేసి, తను బయట స్టూలు మీద కూర్చుంది. ముందు దుప్పటి కనిపించింది, పచ్చపూలది. తరువాత లత. చిక్కిపోయింది. చెయ్యి చూపించమన్నాను, చూపించింది, సరిగానే అతుక్కుంది. క్షమించమని అడిగాను. క్షమించాల్సిన పని ఆ పిల్లకు లేదు. పాపను ముందు కూర్చోబెట్టి పక్కకు పోయింది.

పాపకు పై పన్ను ఒకటి ఊడింది, అయిదేళ్లకే. నవ్వితే అచ్చం లోకనాథ్. అది చూసి నాకు సంతోషమేసింది, భయమూ వేసింది. మధ్యలో రెండుసార్లు బొమ్మ ఆగింది, నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. మళ్లీ కదిలింది.

అంతలో ఫోన్ దగ్గరికి జరిగి, గుసగుసగా అంది. "అవ్వా, మేము యాడుండామో ఎవరికీ సెప్పకూడదంట. నీకైతే సెప్తా. సెవి దగ్గరికి పెట్టు."

శ్రుతీ, నాలుగు నెలలుగా నేను అడిగింది అదొక్కటే. నిన్ను తిట్టింది, దేవుడికి మొక్కింది, కాగితం దాచింది అంతా దానికే. ఆ పేరు బిడ్డ నోటి దాకా వచ్చింది. నా తల ముందుకు వంగింది కూడా.

"వద్దు తల్లీ, నాకు కూడా సెప్పొద్దు" అన్నాను.

"యాల?" అంది. పాప ముఖం చిన్నబోయింది. అవ్వకు తన మీద కోపమనుకుంది. పొద్దున ఏం తింటివో అది చెప్పు, అదే నాకు కావాలి అన్నాను. అప్పుడు చెప్పింది. ఉప్మా తిన్నదంట. కరివేపాకు ఏరి పక్కన పెట్టిందంట. అమ్మ చూడనప్పుడు చక్కెర వేసుకుందంట.

అది నాకు తెలియొచ్చు కదా, శ్రుతీ. ఉప్మా ఏ ఊళ్లో అయినా తింటారు.

మీ అత్త